వరలక్ష్మీ వ్రతం నాడు వసూలుకు వెళ్ళాను

మొన్న బెంగళూరు యలహంకలోని మా ఇంటికి ఆఫీసు పిల్లలు కాఫీకి వచ్చారు. నేను వదిలి వచ్చిన కుర్చీల్లో ఇప్పుడు వాళ్ళు కూర్చుంటున్నారు, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని బాకీ అడుగుతుంటారు. వాళ్ళలో చురుకైన పిల్ల ఒకతె, "మేడం, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద రికవరీ ఏది?" అని అడిగింది. పెద్ద రికవరీలన్నీ ఒకేలా ఉంటాయమ్మా, అవతలివాడికి ఆస్తి అమ్ముడుపోయి ఉంటుంది, అంతే. చెప్పుకోదగ్గది నేను రూపాయి తేకుండా తిరిగివచ్చిన రోజు. అలాగని ఉత్త చేతులతో వచ్చానా అంటే అదీ కాదు, సంచి నిండా తెచ్చాను. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా చదివి నవ్వుకుంటే చాలు.

మాది వసూళ్ళ ఏజెన్సీ. బ్యాంకులు తమ వల్ల కాని పాత క్రెడిట్ కార్డు బాకీలను మా నెత్తిన పడేస్తాయి, వచ్చినదాంట్లో మాకింత వాటా ఇస్తాయి. కార్డు అంటగట్టేటప్పుడు బ్యాంకు తరఫున వచ్చేవాళ్ళు పెళ్ళికొడుకు తరఫువాళ్ళంత మర్యాదగా వస్తారు. తగువు వచ్చాక మమ్మల్ని పంపుతారు. తిట్లు మాకు, వడ్డీ వాళ్ళకు.

ఈ కథ అర్థం కావాలంటే చట్టం సంగతి ఒక్కటి తెలియాలి. కార్డు బాకీ మీద కోర్టుకు వెళ్ళడానికి గడువు మూడేళ్ళు. చివరిసారి కట్టిన నాటి నుంచి మూడేళ్ళలోపు బ్యాంకు దావా వేయాలి. వేయకపోతే బాకీ మాసిపోదు, అడగడం మానక్కరలేదు, కాని కోర్టు తలుపు మూసుకుంటుంది. అయితే ఆ గడువులోపల బాకీదారు ఓ ఐదు వందలు కట్టి కాగితం మీద సంతకం పెట్టాడో, మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. ఆ ఐదు వందలను మేము టోకెన్ అనేవాళ్ళం. పాపం, కట్టినవాడు బాకీ కొంత తీరిందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

టోకెన్లు తేవడంలో నాకు మంచి పేరుండేది. ఎందుకంటే నేను అరవను. "ఐదు వందలు కట్టు నాయనా, ఆఫీసులో నా మాట నిలబడుతుంది" అని నెమ్మదిగా అడిగితే, ముసలావిడ ఎండనపడి వచ్చిందని చాలామంది జేబులో చెయ్యి పెట్టేవారు.

మా మేనేజరుది నా కొడుకు వయసు. మంచివాడే, కాకపోతే తెలివి ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ. టోకెన్ ముందే తెస్తే పాత గడువులో మిగిలిన రోజులు వృథా అయిపోతాయని అతని లెక్క. అందుకని సరిగ్గా చివరి రోజున తెమ్మనేవాడు. పాలప్యాకెట్టు మీద తేదీ చూసినట్టు ఫైళ్ళ మీద తేదీలు చూసి, "మేడం, ఇది రేపు విరిగిపోతుంది" అనేవాడు.

అలా ఒక శ్రావణ శుక్రవారం విరిగిపోబోతున్న ఫైలు దొడ్డబళ్ళాపురంలోని ఒక నేతపని ఆవిడది. నలభై దాటిన మనిషి. వాళ్ళ తాతలనాడు అనంతపురం వైపు నుంచి వచ్చి అక్కడ మగ్గాలు పెట్టుకున్న తెలుగువాళ్ళు. భర్త నేస్తాడు, లెక్కలూ నూలు కొనడమూ ఆమె చూసుకుంటుంది. బెంగళూరు చిక్కపేటలో నూలు కొనే దుకాణం ముందు ఎవరో టేబుల్ వేసుకుని కార్డులు పంచుతుంటే ఆమెకూ ఒకటి అంటగట్టారు. ఒక పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఆ కార్డు మీదే పట్టునూలు కొన్నది. చీరలు నేసి పంపాక, అంచు రంగు ఇప్పుడెవరూ కట్టడం లేదని చిక్కపేట వ్యాపారి మూటలకు మూటలు తిప్పి పంపాడు. ఆమె కొన్నాళ్ళు కట్టింది, తరవాత చేతులెత్తేసింది. వడ్డీ మాత్రం చేతులెత్తలేదు. నేను ఫైలు తీసుకునేనాటికి బాకీ నూలు ఖరీదుకు మూడింతలు దాటింది.

ఆమెతో కొన్ని నెలలుగా ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మా లోకంలో ఆమె ఒక వింత, ఎందుకంటే ఫోన్ ఎత్తేది. ఎత్తి, "ఊట అయిందా అక్కా?" అని, భోజనం సంగతి నన్నే అడిగేది. నేను బాకీ మాట ఎత్తేలోపు వాళ్ళ అత్తగారి మోకాళ్ళ నొప్పులు, మా ఆయన షుగరు, దొడ్డబళ్ళాపురంలో వాన అన్నీ అయిపోయేవి. ఆ వారం మాత్రం కబుర్లు లేవు. గొంతు వేరుగా ఉంది.

"అక్కా, మాకుండేది రెండు మగ్గాలు. ఒకటి అమ్మేస్తాండాను. సోమవారం కొనేవాడు వస్తాడు. వచ్చిందంతా నీ బ్యాంకుకే కడతా, ఇంక నాకు ఫోన్లు చేయొద్దు" అంది.

ఫోన్ పెట్టేసి నేను లెక్క వేసుకున్నాను. మగ్గం అమ్మితే వచ్చే డబ్బు వడ్డీకే సరిపోదు. అసలు అట్లాగే కూర్చుంటుంది, దానికి మళ్ళీ వడ్డీ, ఆ తరవాత రెండో మగ్గం. రెండూ పోతే నేతవాళ్ళ ఇంట్లో మిగిలేది ఏమిటి? శుక్రవారం గడిస్తే దావా భయం లేదు, మగ్గం అమ్మే పనే లేదు. ఆ ముక్క ఆమెకు తెలియదు. చెప్పడం నా ఉద్యోగం కాదు, చెప్పకపోవడమే నా ఉద్యోగం.

శుక్రవారం పొద్దున ఆఫీసులో నేనూ, లెక్కలు చూసే మా ముస్లిం సహోద్యోగీ తప్ప నరపురుగు లేదు. వరలక్ష్మీ వ్రతం. బెంగళూరులో ఆ రోజు ఏ ఆఫీసైనా అంతే. మా మధ్య చాలా ఏళ్ళుగా ఒక ఏర్పాటు ఉండేది. మిగతావాళ్ళ పండగలకు వాళ్ళ పని మేమిద్దరం చూసేవాళ్ళం, మా క్రిస్మస్‌కూ ఆయన రంజాన్‌కూ మా పని వాళ్ళు చూసేవారు. ఇంట్లో పట్టుపంచె కట్టుకుని ఉన్న మేనేజరు ఫోన్ చేశాడు. వెనక గంట మోగుతోంది.

"మేడం, మీకు పండగ లేదు కదా?"

"లేదు సార్. నాకు ఆదివారాలే."

"అయితే దొడ్డబళ్ళాపురం మీరే వెళ్ళండి. ఈ రోజే లాస్ట్. పైగా చాలా మంచి రోజు మేడం. అందరూ ఇంట్లోనే ఉంటారు. అమ్మవారి ముందు నోట్లు అలంకరిస్తారు తెలుసా? డబ్బు లేదని చెప్పడానికి వీలే లేదు. కళ్ళకు కనిపిస్తూ ఉంటుంది!"

అతని తెలివికి మురిసిపోయాను. పండగ లేనిదాన్ని కనక అందులో ఉన్న తిరకాసు నాకూ తట్టలేదు. మా సహోద్యోగి మాత్రం అంతా విని, గడ్డం గోక్కుని, "అక్కా, ఈ రోజు వాళ్ళింట్లోంచి పైసా బయటికి రాదు. మా పక్కింటివాళ్ళు ఈ పూట పంచదార కూడా అప్పివ్వరు" అన్నాడు. నేను ఆఫీసు పని ముగించుకుని, మధ్యాహ్నం దాటాక రసీదు పుస్తకం సంచిలో పడేసుకుని బస్సెక్కాను. బస్సు నిండా పూలబుట్టలూ పట్టుచీరలూ. వాటి మధ్య నూలుచీరా బోసి నుదురూ రెక్సిన్ సంచీతో నేనొక్కదాన్నే పంటి కింద రాయిలా కూర్చున్నాను.

మామూలుగా ఆ వీధిలో మాటలు వినబడవట, మగ్గాల చప్పుడు అంతగా ఉంటుంది. ఆ సాయంత్రం ఒక్క మగ్గమూ ఆడటం లేదు. గుమ్మంలో నిలబడి, "ఇల్లు ఇదేనామ్మా?" అని అడిగానో లేదో, లోపలి నుంచి వస్తున్న ఒక మనిషి చేతిలో పళ్ళెంతో అలాగే ఆగిపోయింది.

"ఈ గొంతు ఫోన్ అక్కది కదా?"

అంతకుముందు మేము ఒకరి ముఖం ఒకరం చూడలేదు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. వసూళ్ళకు వచ్చిందని తెలిస్తే ఆ వీధిలో ఆమె పరువు ఏమవుతుందో ఒక్క క్షణంలో నాకు తట్టింది. ఆమె తడుముకోలేదు.

"మా బెంగళూరు అక్క. రా అక్కా, కూసో. బేగ వచ్చినావు, మంచిదయింది" అని నన్ను చాప మీద కూర్చోబెట్టింది.

ఎదురుగా అమ్మవారు. కలశానికి పట్టుచీర, ఆ చీర చుట్టూ విసనకర్రల్లా మడిచిన నోట్లు. పదులు, వందలు, ఐదు వందలు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో డబ్బు లేదనే ఇళ్ళే చూశాను గాని, డబ్బును దండకట్టి నా ముందు నిలబెట్టిన ఇల్లు అదొక్కటే. మేనేజరు చెప్పింది అక్షరాలా నిజం, కళ్ళకు కనిపిస్తూనే ఉంది.

నేను గోడ గడియారం చూడటం ఆమె అత్తగారు గమనించింది. ఎనభై దగ్గరపడిన మనిషి, చూపు మాత్రం సూదిలాంటిది. "దాన్ని నమ్మొద్దు తల్లీ. అది ముందు పరుగెత్తుతాది. మగ్గం పనికి లేటుగా వస్తారని మా ఆయనే తిప్పి పెట్టినాడు. ఆయన పోయినాడు, అది ఇంకా అట్లనే ఉరుకుతాండాది" అంది.

నాకు గడియారంతో పనుంది. సాయంత్రం ఏడు దాటితే మేము బాకీదారు గడప తొక్కకూడదు, డబ్బు మాట ఎత్తకూడదు. అది మా ఉద్యోగానికి రూలు. ఆ లోపల పని ముగించాలని చూస్తుంటే ఒకరి తరవాత ఒకరు పేరంటాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆమె పసుపు గిన్నె తీసుకుని నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"అమ్మా, నేను చర్చికి పోయేదాన్ని. ఇవన్నీ నాకు..."

అత్తగారు అందుకుంది. "అయితే ఏమి? మీ దేవుడు కోప్పడతాడంటే పసుపు బేడ, వద్దులే, కుంకుమ పొట్లంలో ఇస్తాము. వాయనం మాత్రం తీసుకోవాల. మా గడప తొక్కిన ఆడబిడ్డ ఉత్త చేతులతో పోతే మా వ్రతం సాగేదెట్ల?"

అంత న్యాయంగా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? ఒళ్ళో నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు, తమలపాకులు, రవికెగుడ్డ పెట్టింది. పైగా అందరిముందూ నాచేత చెప్పించారు. ఆమె "ఇస్తినమ్మ వాయనం" అంటే నేను "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. పిల్లలూ, మా వృత్తి అంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. పుచ్చుకున్నానని ఒప్పుకోవాలి. ఆమె చేత ఒప్పించడానికి వెళ్ళినదాన్ని, పదిమంది సాక్షుల ముందు నేనే ఒప్పుకుని కూర్చున్నాను.

పేరంటాళ్ళు వెళ్ళాక ఆమె నన్ను వెనక మగ్గాల గదిలోకి తీసుకెళ్ళింది. రెండు మగ్గాలకూ కుంకుమ పెట్టి పూలు చుట్టారు. ఒకదాని మీద సగం నేసిన చీర ఉంది. రెండోది నూలు తీసేసి, తుడిచి, ఖాళీగా ఉంది. అదే సోమవారం వెళ్ళిపోయేది. దానికి కొంచెం ఎక్కువ పూలు పెట్టారు.

"దేనికి వచ్చినావో చెప్పు అక్కా" అంది ఆమె.

అలవాటైన నోరు కదా, దానంతట అదే పలికింది. "ఐదు వందలు కట్టి రసీదు మీద సంతకం చేస్తే ఆఫీసులో నా మాట నిలబడుతుందమ్మా."

"సోమవారం అంతా ఒకేసారి ఇస్తా కదా. ఈ పొద్దు శుక్రవారం, వ్రతం. ఎట్ల ఇచ్చేది?" అని కాసేపు ఆలోచించింది. "ఇయ్యకపోతే నీ ఉద్యోగానికి ఏమన్నా అవుతాదా?"

"తిడతారు. అంతే."

"అంత దూరం నుంచి వచ్చి తిట్లు తింటావా? ఉండు" అని గబగబా ముందు గదిలోకి వెళ్ళి అమ్మవారి చీర అంచున ఉన్న ఐదు వందల నోటు మీద చెయ్యి వేసింది.

"ఏం చేస్తాండావే!" అత్తగారి కేకకు నేను కూడా ఉలిక్కిపడ్డాను. "లక్ష్మిని ఈ పొద్దు గడప దాటిస్తావా?"

"ఐదు నూర్లు అత్తా. అక్క ఉద్యోగం మాట."

"నూరైనా ఐదు నూర్లైనా పోయేది లక్ష్మే!"

"పోనీ ఫోన్‌లో కొడతా. అమ్మవారిది ముట్టను."

"ఫోన్‌లో నుంచి పోతే లక్ష్మి కాదా? ఎవురు చెప్పినారు నీకు?" అని అత్తగారు నా వైపు తిరిగింది. ఆమె వెనకే వచ్చి, కొంగులో శనగలతో, చేతిలో రసీదు పుస్తకంతో నేను ఎలా కనిపించానో గాని, ఆవిడ ముఖం మెత్తబడింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పెద్ద నిట్టూర్పు విడిచింది.

"సరే, తీయవే. తీసి ఇయ్యి. ఇంటికొచ్చిన ఆడబిడ్డ మనవల్ల తిట్లు తినకూడదు. అమ్మవారు అడిగితే నేను జవాబు చెప్పుకుంటా."

నోటు బయటికి వచ్చింది. దానికి ఇంకా గంధం అంటుకుని ఉంది. ఆమె నా చేతిలోని పుస్తకం తీసుకుని, పెన్ను విప్పి, "ఎక్కడ పెట్టాల సంతకం?" అని అడిగింది.

ఇంత సులువుగా టోకెన్ ఎప్పుడూ దొరకలేదు. ఎవరికీ ఇవ్వకూడని రోజున, నాకోసం, దేవుడి దగ్గర మాట పడటానికి కూడా సిద్ధపడి ఇస్తున్నారు. ఆ సంతకం పడితే ఖాళీ మగ్గం వెళ్ళిపోతుంది, దాని వెనక రెండోది. తల ఎత్తి గోడ వైపు చూశాను. గడియారం ముళ్ళు ఏడు దాటాయి.

"అయ్యో, ఏడు దాటిపోయిందే!" అన్నాను. పుస్తకం ఆమె చేతిలోంచి లాక్కున్నాను. "ఏడు దాటాక మేము పైసా ముట్టకూడదమ్మా. రూలు. ఉద్యోగం పోతుంది. నోటు ఎక్కడిది అక్కడ పెట్టేయ్."

ఆమె నోటు పట్టుకుని అలాగే నిలబడింది. అత్తగారు గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఒక్క మాట చెప్పాను. "మగ్గం కొనేవాడికి మాట ఇచ్చే ముందు, ఈ కార్డు కాగితాలు తీసుకుని ఒక వకీలు దగ్గరికి పో. చివరిసారి ఎప్పుడు కట్టావో చెప్పు. ఆయన ఏమంటాడో విని, అప్పుడు అమ్ము."

శనివారం మేనేజరు నన్ను కూర్చోబెట్టి, "ఎంత వచ్చింది మేడం?" అన్నాడు. నేను సంచి విప్పి బల్లమీద ఒక్కొక్కటే పెట్టాను. శనగలు, అరటిపళ్ళు, ఆకులు, రవికెగుడ్డ.

"ఇదేంటి?"

"రికవరీ."

అతను చాలాసేపు అరిచాడు. లీగల్ అన్నాడు, టార్గెట్ అన్నాడు, ఇంత సీనియర్ అయి ఉండి అన్నాడు. అరుస్తూ అరుస్తూ మధ్యలో శనగలు నోట్లో వేసుకోవడం మొదలుపెట్టాడు, పావుగంటలో పొట్లం ఖాళీ చేశాడు. "సార్, వాళ్ళు డబ్బు నోట్లుగా చూపించారు, మీరు చెప్పినట్టే. కళ్ళకు బాగా కనిపించింది" అన్నాను. మా లెక్కల సహోద్యోగి అటు తిరిగి కంప్యూటర్ వెనక తల దాచుకుని నవ్వాడు. నేను రిటైరయ్యేదాకా ఆ ఆఫీసులో నా పేరు శనగల మేడం. ఆ నెల ప్రోత్సాహకం పోయింది, ఆ సంగతి మా ఆయనకు నెలాఖరులో నెమ్మదిగా చెప్పుకున్నాను.

ఉగాది తరవాత ఒక గురువారం ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ముందు నా దగ్గరికి రాలేదు, తిన్నగా మేనేజరు ఎదుటికి పోయి కూర్చుంది. తిప్పి పంపిన చీరల అంచులు మార్చి వేరేచోట అమ్మారట. నూలు కొన్న డబ్బు అసలు మొత్తం కడతాను అంది. కానీ ముందు బ్యాంకు నుంచి ఇంక బాకీ ఏమీ లేదని కాగితం రావాలి, ఆ తరవాతే డబ్బు. తను మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. గడువు దాటిన బాకీకైనా కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం అయిపోతుందని వకీలు గట్టిగానే చెప్పి పంపినట్టున్నాడు. మా మేనేజరు ముఖం చూడాలి. గడువు దాటిన ఫైలుకు అసలు వస్తుందంటే బ్యాంకు ఎగిరి గంతేసి ఒప్పుకుంటుందని అతనికి తెలుసు. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా.

కాగితం చేతికి వచ్చిన రోజున డబ్బు కట్టేసింది. మేనేజరు కాఫీ తెప్పించి, తెలివి ఆపుకోలేక అడిగాడు. "అమ్మా, కోర్టు భయం లేదని మీకు తెలుసు. అసలు మాత్రం ఎందుకు కట్టినట్టు? కట్టేదే అయితే వడ్డీలో కాస్తయినా ఎందుకు కట్టలేదు?"

ఆమె కాఫీ ఒక గుక్క తాగి లోటా కింద పెట్టింది.

"నూలు నేను నేసినాను కదప్పా, దానికి కట్టినాను. వడ్డీ ఎవురు నేసినారో వాళ్ళనే అడగండి."

నేను ఆమెను మెట్ల దాకా సాగనంపాను. మగ్గాలు రెండూ ఆడుతున్నాయా అని అడిగాను. "రెండూ ఆడుతాండాయి. మామూలు రోజున వస్తే నీ మాట మాకు వినపడదు, మగ్గాలు ఆపినప్పుడు, వ్రతానికే రా" అంది. ఆ ఏడూ వెళ్ళాను, ఇప్పటికీ ప్రతి శ్రావణంలో వెళ్తున్నాను. మా పాస్టరుగారికి ఆ శనగలంటే ఇష్టం.

ఆ రోజు మెట్లు దిగబోతూ ఆమె ఆగింది.

"అక్కా, ఆ పొద్దు ఇంకా ఏడు కాలేదు."

"మీ అత్త నాకు ముందే చెప్పింది కదా" అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు, ముఖం మీద నవ్వు. నాకూ అంతే. ఆ నీళ్ళ సంగతి ఇద్దరమూ ఎత్తకుండా ఉండటానికి, "మరి ఆ గడియారం ఇప్పటికైనా సరిచేశారా?" అని అడిగాను.

"మా ఆయన స్టూలు ఎక్కి తిప్పబోయినాడక్కా. అత్త కట్టె తీసుకుని వచ్చింది. ఎవురూ ముట్టొద్దండి, అది సరిగ్గానే ఉండాది అనింది."